పదకొండు కిలోమీటర్ల పక్కిల్లు

విహారం సందు చివర, సైకిల్ దుకాణం
జూన్ 5, బుద్ధ శకం 2537. ఆదివారం

అక్కకు,

ఉదయం ఎండ. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా వాన. దుకాణం రేకుల మీద పడ్డ ఆకులు ఊడ్చి దించాను.

లెక్ దీక్ష కార్డు శుక్రవారం అందింది. సోమవారం పోస్టు చేసినట్టు ముద్ర ఉంది. ఆ సోమవారమే నువ్వు మిరపకాయలు వేయించావు. ఆ ఘాటు గోడ దాటి మా పెరట్లోకి వచ్చింది. నాలుగు తుమ్ములు వచ్చాయి. ఘాటు రావడానికి అర నిమిషం పట్టింది, కార్డుకి నాలుగు రోజులు.

మేనల్లుడు భిక్షువు అవుతున్నాడు. సంతోషం.

కార్డులో ఇలా ఉంది: జూలై 10 ఆదివారం ఉదయం ఎనిమిదికి దీక్షకి వెళ్లే నాగుడి ఊరేగింపు మీ ఇంటి నుంచి డోళ్లతో, ఆటలతో బయలుదేరి మన పాత విహారానికి నడిచి వస్తుంది. పదకొండు లోపు దీక్ష. 'నడిచి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. సైకిల్ ముందు చక్రం ఆకుకి ఎర్ర గుడ్డ కట్టి, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతూ నీ ఇంటి గేటు దాకా వెళ్లి వచ్చాను. నువ్వు బజారుకి వెళ్లినట్టున్నావు, తాళం ఉంది.

నీ సందు 1,100 మీటర్లు. పెద్ద రోడ్డెక్కితే ఎడమకే తిరగాలి, యూ-టర్న్ దాకా 2,400. తిరిగి వచ్చి కూడలి దాకా 3,700. రెండో పెద్ద రోడ్డు 2,900. మా సందు 1,200. మొత్తం పదకొండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. పాదచారుల వంతెన ఎక్కి దాటితే యూ-టర్న్ తప్పుతుంది. కానీ డోళ్ల బండి మెట్లెక్కదు. నాగుడైన లెక్‌ని భుజాల మీద పెట్టుకుని ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కేవాళ్లు కూడా దొరకరు. ఇల్లు దాటింది మొదలు విహారం చేరేదాకా నాగుడు నేల మీద కాలు పెట్టకూడదు కదా.

ఊరేగింపులో ఆడుతూ నడిస్తే వంద మీటర్లకి ఆరు నిమిషాలు. నిన్న చూశాను. ఆ లెక్కన పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలు. శనివారం రాత్రి పదకొండున్నరకి బయలుదేరితే ఆదివారం పదీ నలభై ఎనిమిదికి వస్తారు.

లెక్ ఇప్పుడు బరువెంత?

పాత కాలువ గట్టు దారిన అయితే నీ వంటింటి నుంచి విహారం గేటుకి రెండు వందల అరవై అంగలు. ఆ సంగతి నేను ఎత్తను. నీకు తెలిసిందే.

వేళకి తిను.

తమ్ముడు
ఫయోమ్

*

ముప్పై ఏడో సందు, చిట్టచివరి ఇల్లు
జూన్ 9

ఒరేయ్ ఫయోమ్,

నువ్వు బాగానే ఉన్నావా? నిజం చెప్పు. శనివారం మేడ మీద బట్టలు ఆరేస్తూ అటు చూద్దును కదా, నువ్వు ఆ విహారం సందులో ఒక్కడివే, చేతిలో గడియారం పట్టుకుని, నడుము ఊపుకుంటూ మూడడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తున్నావు. డోలు లేదు, మనిషి లేడు. ఒక కుక్క మాత్రం కూర్చుని చూస్తోంది. మా పక్కింటి సవింగ్ కూడా చూసి, "పెళ్లి చేసుకోని మగాళ్లకి అరవై దాటితే ఇలాగే మొదలవుతుంది వదినా" అంది. వెంటనే ఇంటి దేవుడి గూటి ముందు ఎర్ర సోడా సీసా పెట్టి, మా తమ్ముడికి మతి తిరిగి రప్పించు తండ్రీ అని మొక్కుకున్నాను. ఇవాళ నీ ఉత్తరం చదివాక తెలిసింది, అది లెక్క అని. సోడా మాత్రం దేవుడు తాగేశాడు. వెనక్కి అడగలేను.

లెక్ బరువు తొంభై ఆరు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉన్నాడని 'చిన్నోడు' అని పేరు పెట్టాం. అలా పిలిస్తే ఇప్పటికీ సిగ్గు లేకుండా పలుకుతాడు. కాస్త తగ్గరా, నిన్ను మోసేవాళ్లూ మనుషులే అంటే, "అమ్మా, దీక్ష తీసుకుంటే మధ్యాహ్నం దాటాక మూడు నెలలు తిండి ఉండదు. అదంతా ముందే తినేయాలి కదా" అంటాడు.

ఇక వేరే విహారం చూసుకోమని నువ్వు మనసులో అనుకుంటున్నావేమో, ఆ మాట పైకి రానీయకు. అమ్మ అస్థికలు ఆ విహారం ప్రహరీలో ఉన్నాయి. మనవడు పసుపు బట్ట కట్టుకుని తన ముందు నిలబడాలని పోయేముందు రోజు కూడా అంది. నాకు ఇంకో కోరిక లేదు. వాడు అమ్మ ముందు నుంచే వెళ్లాలి.

వాడికి నాన్న లేడు కాబట్టి భిక్షాపాత్ర మేనమామవి నువ్వే పట్టుకుని ముందు నడవాలి. నోరు మూసుకుని చేసే పని. నీకు సరిగ్గా సరిపోతుంది.

ఈ ఆదివారం, పన్నెండున, ఒకసారి నడిచి చూస్తాం. లెక్ బదులు బియ్యం బస్తా. ఎనిమిదికల్లా రా. ఏ సందులోకి ఎక్కడ తిరగాలో నీకే తెలుసు, నువ్వు లేకపోతే మాకు దారి తెలియదు.

పాత దారి సంగతి ఎత్తనన్నావు. ఎలా ఎత్తుతావులే! నేనూ ఎత్తను. మూడేళ్లుగా కడుపులో పెట్టుకున్నాను, ఇంకో మూడేళ్లు పెట్టుకోగలను. నా కడుపు పెద్దది.

నీ అక్క, ఇంకా నీకు అక్కే
లమ్‌దువన్

*

సైకిల్ దుకాణం
జూన్ 13. సోమవారం

అక్కకు,

పొద్దుటి నుంచి తుంపర. రెండు పంక్చర్లు, ఒక బ్రేకు తీగ.

రిహార్సల్‌కి రమ్మన్న ఉత్తరం ఇవాళ పదింటికి అందింది. రిహార్సల్ నిన్న అయిపోయింది.

నిన్న ఎనిమిదికి మీ వైపు డోళ్లు మోగాయి. నాకు సంగతి తెలియదు. కానీ అవి ఎటు వెళ్తున్నాయో విని, ఒకవేళ వస్తారేమోనని విహారం గేటు దగ్గర నిలబడ్డాను. పన్నెండున్నర దాకా నిలబడ్డాను. ఎవరూ రాలేదు. అందరూ క్షేమమే కదా?

భిక్షాపాత్ర పట్టుకుంటాను.

సాయంత్రాలు దుకాణం మూశాక ఈ రోడ్లు కొలుస్తున్నాను. పెద్ద రోడ్డుకి రెండు వైపులా అరవై ఒక్క సందులున్నాయి. ఒక చివర దూరి ఇంకో చివర తేలగలిగేవి నాలుగే. మిగతా యాభై ఏడూ గోడకి ముక్కు ఆనించి ఆగిపోతాయి. ఎవరూ కావాలని ఇలా గీయలేదు. తోటలు అలా ఉండేవి, సన్నగా, పొడుగ్గా. రోడ్డు పడ్డాక ఎవరి తోట గట్టు వెంట వాళ్లు దారి వేసుకున్నారు. వాళ్ల నాన్న తోట ఎక్కడ అయిపోయిందో దారీ అక్కడే అయిపోయింది. పక్కవాడి దారితో కలపాల్సిన పని ఎవరికీ పడలేదు. పటం గీస్తే చేపని తిన్నాక మిగిలిన ముల్లులా వచ్చింది.

నేను పడవ నడిపిన ఇరవై ఆరేళ్లలో ఒక్క కాలువ కూడా చివర మూసుకుపోయి నన్ను వెనక్కి తిప్పలేదు. ఎక్కడ దూరినా ఇంకో నీళ్లు తగిలేవి. ఇళ్ల కంపెనీ కాలువ పూడ్చినప్పుడు, పోనీ, రోడ్డు వస్తుంది, దగ్గరవుతాం అనుకున్నాను. ఊళ్లో దారులు పెరిగాయి. దూరాలు కూడా పెరిగాయి.

ఇంకొక సంగతి. వానలకి శంఖపుష్పం తీగ గోడ మీంచి మా వైపు బాగా వేలాడుతోంది. నీకు శ్రమ ఎందుకని మూడేళ్లుగా నేనే కత్తిరిస్తున్నాను. గోడ బీటలు కూడా ఏడాదికి రెండుసార్లు పూడ్చి సున్నం వేస్తున్నాను. కట్టించుకున్నదాన్ని బాగా చూసుకోవాలి కదా. చెప్పాలనిపించి చెప్పాను, మెప్పు కోసం కాదు.

మోకాలికి నూనె రాసుకో.

ఫయోమ్

*

ముప్పై ఏడో సందు
జూన్ 18

తమ్ముడూ,

ముందు రిహార్సల్ సంగతి చెప్తాను, తర్వాత నీ సంగతి చెప్తాను.

ఎనిమిదికి బయలుదేరాం. ఆరుగురు మనుషులు, భుజాల మీద బియ్యం బస్తా. దాని మీద తలకాయలా ఇంకో చిన్న మూట. పైన బంగారు అంచు గొడుగు. వెనక డోళ్లు, ఆ వెనక బుట్టలతో మేం ఆడవాళ్లం. లెక్ తన బస్తా పక్కనే తాళాలు వాయిస్తూ ఎగురుతున్నాడు. పెద్ద రోడ్డెక్కేసరికి బస్సుల్లో వాళ్లంతా బస్తాకి దండం పెట్టారు. ఎందుకో తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

నువ్వు రాలేదు కాబట్టి దారి మాకు తోచింది. డోళ్ల పికప్ బండి యూ-టర్న్ తిరిగి అవతల కలవడానికి పోయింది, మేం వంతెన ఎక్కాం. ముప్పై ఎనిమిది మెట్లా? నలభై ఒకటి. మోసినవాళ్లని అడుగు, అందరూ నలభై ఒకటే అంటారు. అవతల దిగి చూస్తే ముప్పై ఏడో సందుకి ఎదురుగా ముప్పై ఎనిమిది లేదు, యాభై రెండు ఉంది! ఎవడు వేశాడురా ఈ నంబర్లు? మోటారుసైకిల్ కుర్రాళ్లని విహారం ఎటని అడిగితే ఒకడు అటు, ఒకడు ఇటు చూపించాడు. దగ్గర్లో ఏదో సందులోంచి మైకులో భిక్షువుల మంత్రాలు వినిపించాయి. అదే అనుకుని దూరాం. కిలోమీటరు దగ్గర దగ్గర ఆడుకుంటూ పోయాం. చివర ఇల్లుంది. కొత్త ఇల్లు. గృహప్రవేశం.

ఇంటావిడ, డెబ్బై ఏళ్లుంటాయి, చేతులు జోడించుకుంటూ పరుగున వచ్చింది. "ఎవరి కన్నబిడ్డలో! డోళ్లు వాయించుకుంటూ, గొడుగు పట్టి, నా ఇంటికి బియ్యం తెచ్చారా! ఎంత పుణ్యం, ఎంత పుణ్యం!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను "అమ్మా, అది..." అనేలోగా బస్తా ముందు మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టేసింది.

లెక్ నా చెవిలో, "అమ్మా, ఆవిడ కోసం తెచ్చింది కాదు, మన బస్తానే అని చెప్పు" అన్నాడు.

"నువ్వు చెప్పరా."

"నేను రేపో మాపో భిక్షువుని. నా నోటితో ఒక పెద్దావిడ పరువు తీయను."

"అయితే నా నోటితో తీయచ్చా?"

ఇంకేం చేస్తాం? దించేశాం. చిన్న మూట కూడా దించేశాం. గొడుగు ఆవిడే అడిగి తీసుకుంది, దీంతోనే కదా తెచ్చారు అని. అందర్నీ కూర్చోబెట్టి చేప కూర, గుమ్మడికాయ పాయసం పెట్టింది. లెక్ మూడుసార్లు వడ్డించుకున్నాడు, ఆవిడ మనసు నొచ్చుకోకూడదట. అది మన బియ్యం కాదులే, వేరే వండారు. వచ్చేటప్పుడు టుక్‌టుక్‌లు మాట్లాడుకుని వచ్చాం. విహారం కనిపించనే లేదు.

ఇప్పుడు నీ సంగతి.

తీగ నువ్వు కత్తిరిస్తున్నావా! మూడేళ్ల నుంచి నేను ఎరువేసి, నీళ్లు పోసి, తాడు కట్టి పైకి ఎక్కిస్తుంటే అవతలికి వెళ్లిన కొసలు వెళ్లినట్టే మాయమవుతున్నాయి. పురుగనుకున్నాను. వేపపిండి కూడా చల్లాను. ఆ పురుగువి నువ్వా!

సరే, గోడ కట్టుకున్నావు. నాతో మాట మాత్రం చెప్పకుండా కట్టుకున్నావు. అక్క మాటిమాటికీ గిన్నె పట్టుకుని పెరటి దారిన వచ్చేస్తోంది, చిరాగ్గా ఉంది అనుకున్నావేమో. ఒంటరి మనిషివి, నీకు నిశ్శబ్దం కావాలి. నేను ఒక్క మాట అనలేదు. కొత్త సంవత్సరం పండక్కి, సోంగ్‌క్రాన్‌కి, విహారంలో కలిసినప్పుడు నీ చేతుల మీద పన్నీరు పోశానే కానీ గోడ ఊసెత్తానా? కనీసం ఆ గోడ నీ కళ్లకి అందంగా ఉండాలని నీ వైపుకే నాలుగు పూలు పూయించాలని చూశాను. వాటినీ కత్తిరించి, దానికి మెప్పు అక్కర్లేదంటావా?

కోపంగా ఉన్నాను కాబట్టి ఇక రాయను. మోకాలికి నూనె రాసుకున్నాను.

లమ్‌దువన్

*

సైకిల్ దుకాణం
జూన్ 23. గురువారం

అక్కకు,

నిన్న రాత్రి పెద్ద వాన. పైకప్పు కారే చోట కొత్త రేకు వేశాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాలుగుసార్లు చదివాను. గోడ గురించి రాసిన చోట ఏడుసార్లు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రోజూ రాసుకునే పుస్తకంలో ఉంది. 2534, ఆగస్టు 19, సోమవారం. ఎండ. ఇళ్ల కంపెనీ ఏజెంటు, టై కట్టుకున్నవాడు, చంద్రబింబం అప్పాల డబ్బా పట్టుకుని వచ్చాడు. "మీ అక్కగారు పెరట్లో గోడ కావాలంటున్నారు. మీకు చెప్పడానికి మొహమాటపడుతున్నారు. కంపెనీ తరఫున ఉచితంగా కట్టేస్తాం. దయచేసి ఆవిడ దగ్గర ఈ మాట ఎత్తకండి, చిన్నబుచ్చుకుంటారు" అన్నాడు. నేను సరే అన్నాను. ఎత్తలేదు. అప్పాలు పనసగింజ రకం. పుస్తకంలో అంతే ఉంది.

గోడ నేను కట్టించలేదు.

నీ గిన్నెలు నాకెప్పుడూ చిరాకు కాదు.

నీ గోడ అనుకునే బీటలు పూడ్చాను. నీకు పని తగ్గించాలనే తీగ కత్తిరించాను. తీగకి క్షమించు.

గోడ నువ్వే అడిగి ఉంటే, ఇప్పుడు కూడా నాకు అభ్యంతరం లేదు. అడగకపోతే రాయి.

ఫయోమ్

*

ముప్పై ఏడో సందు
జూన్ 24

ఫయోమ్,

ఆరు రోజులు చూశాను, నీ జవాబు లేదు. కోపం వస్తే నువ్వు ఇలాగే చేస్తావు. చిన్నప్పుడు నీ గాలిపటం నేను తొక్కినప్పుడు పదకొండు రోజులు మాట్లాడలేదు, అమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెట్టింది.

నేను నిర్ణయం తీసుకున్నాను. మా సందు మొదట్లో పెద్ద రోడ్డు పక్కన కొత్త విహారం ఉంది కదా, అక్కడే దీక్ష. అక్కడి పెద్ద భిక్షువుగారు ఒప్పుకున్నారు. కిలోమీటరు పైచిలుకు. మోసేవాళ్లు బతుకుతారు. కొత్త కార్డులు రేపు అచ్చుకి ఇస్తాను.

అమ్మకి విడిగా వెళ్లి చెప్పుకుంటాను.

లెక్‌కి చెప్పాను. "అమ్మమ్మ చూడదన్నమాట" అని, రాత్రి అన్నం ఒక్కసారే పెట్టుకున్నాడు. వాడు ఒక్కసారే పెట్టుకోవడం నేను కన్నాక చూడలేదు.

నీకు దూరం. రావాలని లేకపోతే రావద్దు. పాత్ర పట్టుకోవడానికి సవింగ్ వాళ్లాయన ఉన్నాడు.

లమ్‌దువన్

*

సైకిల్ దుకాణం
జూన్ 28. మంగళవారం

అక్కకు,

మబ్బు. ఒక చైను.

నీ నిర్ణయం అందింది. గోడ గురించి నేను రాసినదానికి నువ్వు నేరుగా జవాబు రాయలేదు. కానీ ఇదే జవాబు అనుకుంటున్నాను. అంటే గోడ నువ్వే అడిగావు. సరే. అడగడం తప్పు కాదు.

కొత్త విహారం ఇక్కడి నుంచి పది కిలోమీటర్ల ఇరవై మీటర్లు. సైకిల్ మీద యాభై నిమిషాలు. పదో తారీఖున ఏడున్నరకి అక్కడ ఉంటాను. పాత్ర సవింగ్ వాళ్లాయన పట్టుకోవచ్చు. నేను వెనక నడుస్తాను.

ఈ సాయంత్రం విహారానికి వెళ్లి అమ్మ గూడు దగ్గర దుమ్ము తుడిచాను. లెక్ రావడం లేదన్న మాట నేను చెప్పలేదు. నువ్వే చెప్పు.

తీగ కత్తిరించడం మానేశాను. మా దుకాణం తలుపు దాకా వచ్చింది. పూసింది.

ఫయోమ్

*

ముప్పై ఏడో సందు
జూన్ 28

ఒరేయ్! ఒరేయ్! ఒరేయ్!

నీ ఇరవై మూడో తారీఖు ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. నిలబడే రాస్తున్నాను. కూర మాడుతోంది, మాడనీ.

గోడ నేనెందుకు అడుగుతానురా? నాకు గోడ ఎందుకు? నా గిన్నెలు ఎటు పంపను? ఆ టై వాడు మా ఇంటికీ వచ్చాడు! అదే నెల! అవే అప్పాలు! "మీ తమ్ముడుగారు కాస్త ఏకాంతం కోరుకుంటున్నారు. మాట తక్కువ మనిషి కదా, మీకు చెప్పలేక నాతో చెప్పుకున్నారు. పాపం, ఆయన దగ్గర ఎత్తకండి" అన్నాడు. మాట తక్కువ మనిషి అన్నాడు చూడు, అక్కడ నమ్మేశాను. నువ్వు అలాంటివాడివే కదా!

సవింగ్‌కి ఉత్తరం చదివి వినిపిస్తే అది పొట్ట పట్టుకుని నవ్వి, "వదినా, బస్తా పోయినట్టే తమ్ముణ్నీ పోగొట్టుకున్నావు, నోరు తెరవడానికి మొహమాటపడి" అంది. దానికి ఇవాళ కూర పంపను.

ఆ టై వాడు ఏటా వచ్చి స్థలం అమ్మమని ఎందుకు అడుగుతాడో ఇప్పుడు అర్థమైంది. చివర మూసుకుపోయిన స్థలమమ్మా, దారి లేని స్థలమమ్మా, ఇంతకంటే ధర రాదమ్మా అంటాడు. మూసింది ఎవడు?

కొత్త విహారానికి వెళ్లి భిక్షువుగారి కాళ్ల ముందు కూర్చుని, స్వామీ, మా అమ్మ వేరే చోట ఎదురుచూస్తోంది అని చెప్పాను. ఆయన నవ్వి వెళ్లమన్నారు. కార్డులు ఇంకా అచ్చవలేదు, ఆ కుర్రాడికి అక్షరాలు పేర్చే బద్ధకం ఎక్కువ, దేవుడు వాణ్ని చల్లగా చూడాలి. కాబట్టి పాత కార్డే. పాత విహారమే. పాత దారే! రెండు వందల అరవై అంగలు!

విను. ఆదివారం, మూడో తారీఖు, ఎనిమిదికి నేను నా వైపు నుంచి గోడ పగలగొట్టడం మొదలుపెడతాను. సుత్తి అరువు తెచ్చాను. నువ్వు నీ వైపు నుంచి మొదలుపెట్టు. మధ్యలో కలుద్దాం. ఈ ఉత్తరం శనివారానికి అందుతుందిలే. అందకపోతే గోడకి దూరంగా ఉండు, ఇటుక నెత్తిన పడితే నన్ను అడగకు.

కంపెనీవాడు వచ్చి ఎవరిని అడిగి పగలగొట్టారంటే, గోడ తమ్ముడిది, వాణ్ని అడగండి అని నేను చెప్తాను. అక్కది, ఆవిణ్ని అడగండి అని నువ్వు చెప్పు. మూడేళ్లుగా వాడు చెప్తున్నదే కదా, మనం కొత్తగా ఏం అబద్ధం ఆడటం లేదు.

పాత్ర నువ్వే పట్టుకుంటున్నావు. తెల్ల చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయో లేదో చూసుకో.

మాడు కూర అక్క
లమ్‌దువన్

*

సైకిల్ దుకాణం
జూలై 3. ఆదివారం

అక్కకు,

ఉదయం మబ్బు, గాలి లేదు. పెరట్లో పాత పడవలో నిలిచిన వాననీళ్లు తోడి పోశాను.

కొత్త విహారం ఉత్తరం తర్వాత నీ దగ్గర నుంచి ఇంకోటి రాలేదు.

ఎనిమిది నుంచి గోడకి నీ వైపు దెబ్బలు. ఎత్తు పెంచిస్తున్నావనుకున్నాను. నేను వేసిన సున్నం దెబ్బదెబ్బకీ రాలుతుంటే తాపీ తీసుకెళ్లి మళ్లీ పూశాను. మూడుసార్లు రాలింది, మూడుసార్లు పూశాను. ఎనిమిదీ నలభైకి ఒక ఇటుక నా వైపు పడింది. కన్నంలో నీ కన్ను కనిపించింది. తర్వాత జరిగిన మాటలు మరిచిపోకుండా రాసి పెడుతున్నాను.

"పూస్తున్నావేంట్రా?"

"బీట వచ్చింది."

"ఆ బీట నేనే! నా ఉత్తరం అందలేదా?"

"లేదు."

"ఎక్కడుంది మరి?"

"దారిలో ఉండి ఉంటుంది."

అప్పుడు ఉత్తరంలో ఉన్నదంతా నువ్వు కన్నంలోంచి చెప్పావు. పది నిమిషాలు పట్టింది. నేను సరే అన్నాను. తాపీ కింద పెట్టి గునపం తెచ్చాను.

తొమ్మిదికి గిన్నె పట్టేంత కన్నం అయింది. గిన్నె వచ్చింది. వంకాయల పచ్చ కూర. మూడేళ్లుగా పండగలకి బస్సులో వచ్చే కూరే తిన్నాను. వేడిగా ఉంటుందని మరిచిపోయి నాలుక కాల్చుకున్నాను.

ఆ కన్నం నుంచి విహారం గేటు దాకా, నువ్వు చెప్పిన లెక్కతో నీ వంటింటి దాకా కలిపి అంగలు కొలిచాను. రెండు వందల యాభై ఒకటి. తొమ్మిది తగ్గాయి. ఈ వయసులో అంగ పొడుగవదు. తొందరగా నడిచి ఉంటాను. మళ్లీ కొలవాలి.

తొమ్మిదిన్నరకి లెక్ కన్నం చాలుతుందేమో చూస్తానన్నాడు. ఇంకా చాలదన్నాను. నువ్వూ అన్నావు. చేతులు, తల, భుజాలు వచ్చాయి. పొట్ట దగ్గర ఆగాడు. ముందుకీ రాడు, వెనక్కీ పోడు. చేతులు నా వైపు నేలకి అందడం లేదు. కాళ్లు నీ వైపు నేలకి అందడం లేదని నువ్వు అరిచి చెప్పావు. నాగుడి కాలు నేల తగలకూడదన్న నియమం వారం ముందు నుంచే పాటిస్తున్నాడు. ఐసు టీ ఇచ్చాను. గొట్టంతో తాగాడు. తాగుతూ తల అటు తిప్పి, "మావయ్యా, అమ్మమ్మ ఉన్న గోడ ఇక్కణ్నుంచే కనిపిస్తోంది" అన్నాడు. అవునన్నాను. గునపం పక్కన పెట్టి నేనూ అటు చూశాను. నీ వైపు కూడా దెబ్బలు ఆగాయి.

కన్నం వెడల్పు 47 సెంటీమీటర్లు. లెక్ 61. కుడివైపు రెండు వరుసలు తీస్తే వస్తాడు. ఊరేగింపుకి మోసేవాళ్లు ఇరువైపులా, పైన గొడుగు, పక్కన డోళ్లు పట్టాలంటే మొత్తం తీయాలి. వారం ఉంది. చాలు.

ఇప్పుడు నువ్వు అవతల నుంచి అరుస్తున్నావు.

"ఎవరికిరా ఆ రాత?"

"నీకే."

"నేనిక్కడే చచ్చానుగా!"

మొదలుపెట్టిన ఉత్తరం ముగించి పోస్టు చేయాలి కదా అన్నాను. లెక్ నవ్వుతున్నాడు. నవ్వినప్పుడల్లా ఇటుకలు కదులుతున్నాయి. పైవరుస వంగింది. వాణ్ని నవ్వొద్దని నువ్వు, నవ్వమని నేను. ఇవాళ ఇంకా మిగిలిన పనులు: తెల్ల చొక్కాకి రెండో గుండీ కుట్టడం, పాత్ర తోమి మెరుగు పెట్టడం, ఈ ఉత్తరానికి స్టాంపు... ఉండు, పైవరుస కూలుతోంది